లక్షా మూడు మీద మీసం పందెం

మా అన్నకు ఉద్దనపల్లిలో మామిడి తోట ఉంది, కొంచెం టమాటా సాగు ఉంది, ఒక పాత జీపు ఉంది, ఒక మీసం ఉంది. ఎవరైనా అడిగితే తోటలో కాయలు కోసుకోమంటాడు, జీపు తాళాలు చేతిలో పెడతాడు. మీసం సంగతి మాత్రం వేరు. పొద్దున్నే దానికి ఆముదం రాసి, రెండు కొనలూ పైకి మెలితిప్పి, అద్దంలో కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి చూసుకున్నాకే కాఫీకి కూర్చుంటాడు. తాగేటప్పుడు ఎడమ చేత్తో దాన్ని ఎత్తి పట్టుకుంటాడు. మా వదిన పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ చెయ్యి చూసి, ఈయన కాఫీకి ఏదో మొక్కుకుంటున్నాడని అనుకుందట. ఆ తర్వాత ఇన్నేళ్లూ, చారులో మునిగిన మీసం ఉన్న మనిషి పక్కన కూర్చుని అన్నం తినడం ఎంత కష్టమో మాకు అప్పుడప్పుడు చెబుతూనే ఉంది.

మేము హోసూరులో ఉంటాము. మా ఆయనది గుంటూరు వైపు. ఇక్కడ యంత్రాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, నన్ను చేసుకుని ఇక్కడే ఉండిపోయారు. ఆయనకు ఒక అలవాటు ఉంది. బైపాస్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అందరూ హారన్ కొడతారు, ఆయన ముందున్న లారీ నంబరును భాగిస్తూ కూర్చుంటారు. "మూడుకు పోయింది, మిగిలింది పదమూడుకు పోయింది" అని సంతోషిస్తారు. ఏ నంబరైనా దేనికీ తెగకపోతే ఇంకా ఎక్కువ సంతోషిస్తారు. పెళ్లయిన మొదటి నెలలో ఒక ఇసుక లారీని చూపించి "అది ప్రధాన సంఖ్య" అన్నారు. అందులో ఎవరో ప్రధానమైనవాళ్లు పోతున్నారేమోనని నేను తొంగి చూశాను.

పాపకు ఏడాది నిండాక చెవులు కుట్టించాలనుకున్నాము. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టించాలి కాబట్టి ఉద్దనపల్లిలోనే పెట్టుకున్నాము. ఆదివారం పొద్దున్నే మా అన్న మమ్మల్ని తీసుకుపోవడానికి జీపు వేసుకుని హోసూరు వచ్చాడు. ఇంట్లోకి రాకుండా వాకిట్లోంచే పిలిచాడు.

"అమ్మా, బావను పిలుచుకోని రా. జీపులో ఒకటి చూపిస్తాను."

ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపించే మీటరు చూపించాడు. లక్షకు ఇరవై చిల్లర తక్కువ ఉంది.

"మనం ఊరు చేరేలోపల లక్ష తిరుగుతాది. బిడ్డకు చెవులు కుట్టే దినమే లక్ష. చూసినావా యోగం."

ఊరికి మూడు కిలోమీటర్ల ముందు, రోడ్డు పక్క గులాబీ తోటల దగ్గర, జీపును నడకకన్నా నెమ్మదిగా పోనిచ్చాడు. తొమ్మిదులన్నీ ఒక్కసారిగా కదిలాయి. సున్నాలు వరుసగా దిగాయి. ఎన్నేళ్లుగానో ఖాళీగా కూర్చున్న మొదటి గడిలోకి ఒకటి వచ్చింది. అన్న బండి ఆపి, బానెట్ మీద కర్పూరం వెలిగించి, చక్రం ముందర టెంకాయ కొట్టాడు. వెనకాల వస్తున్న పాల వ్యాన్ డ్రైవరు ఆగి ఏమయిందని అడిగాడు. "లక్ష" అన్నాడు అన్న. అతను సరేనని ఒక టెంకాయ చిప్ప తీసుకుని వెళ్లిపోయాడు.

ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటింది. చెవులు కుట్టే ఆచారి రాయకోట నుంచి పదింటికి రావాలి. పన్నెండుకు యమగండం మొదలవుతుంది కాబట్టి ఆ లోపలే పని అయిపోవాలి. వదిన వసారాలో ఇడ్లీ పెట్టింది. అన్న ఇంకా లక్ష దగ్గరే ఉన్నాడు.

"లక్ష అంటే లక్షే బావా. ఇద్దరికి పంచు, వస్తాది. నలుగురికి పంచు, వస్తాది. ఐదు మందికి, ఎనిమిది మందికి, పది మందికి, ఎవురికీ లేదనదు."

మా ఆయన ఇడ్లీ తుంచుతూ జీపు వైపు చూశారు. "లక్ష సంగతి సరే బావగారూ. ఇప్పుడు మీ జీపు లక్షా మూడులో ఉంది. అది మాత్రం దేనికీ తెగేలా లేదండి."

"ఏంటికి తెగదు?"

"రెండుకు పోదు, మూడుకు పోదు, ఐదుకు పోదు. ఏడుకు ఒకటి మిగులుతుంది. పదకొండుకు రెండు, పదమూడుకు ఏడు. ప్రధాన సంఖ్య అయినా అయ్యుండొచ్చు."

మా అన్న ఇక్కడి బళ్లో తమిళంలో చదువుకున్నాడు. "ఓ, పగా ఎణ్ అంటావా" అన్నాడు.

మా ఆయన కంగారుపడ్డారు. "పగ ఎందుకండీ, ఉత్త లెక్కే కదా."

భాగం కానిదాన్ని తమిళంలో అలా అంటారని నేను చెప్పాను. మాలూరు వైపు కన్నడంలో చదువుకున్న వదిన వంటింట్లోంచి "మా ఇస్కూల్లో అవిభాజ్య అనేవాళ్లు" అంది. మూడు భాషల్లోనూ అర్థమయ్యాక మా అన్నకు కోపం వచ్చింది. ఎవరికీ ఏమీ పంచని పిసినారి తన జీపులో ఎక్కి కూర్చుందని ఇంటి అల్లుడు నిందించినట్టు ముఖం పెట్టాడు.

"చిన్న నెంబర్లు తెగవంటే ఒప్పుకుంటాను. ఏడు, పదమూడు, వాటిని భాగించేదానికి కింద ఎవురుండారు పాపం. ఇది లక్షకు పైన ఉండేది. కింద ఎంతమంది ఉండారు. ఎవురో ఒకరికి తెగకుండా యాడికి పోతాది?"

"తెగకపోవచ్చండి."

"తెగుతాది."

"తెగకపోవచ్చండి బావగారూ."

అన్న చెయ్యి మీసం మీదికి పోయింది. "అది దేనికీ తెగకపోతే ఈ మీసం తీసేస్తాను."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"తెగితే?" అన్నారు మా ఆయన.

"తెగితే నువ్వు నెల దినాలు మూడు పూట్లా రాగి ముద్ద తినల్ల."

మా ఆయనకు రాగి ముద్ద అంటే భయం. నమలకుండా మింగాలని మేము చెబుతాము, ఆయన నములుతారు. నమిలేకొద్దీ అది నోట్లో పెరుగుతుందని ఆయన ఫిర్యాదు. లక్షా మూడును ఆయన అప్పటికి పదమూడు దాకానే చూశారు, ఆపైన ఏముందో ఆయనకూ తెలియదు. అయినా సరేనన్నారు.

వదిన చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "చాక్‌పీసులు ఉండాయి. తెచ్చేదా?" అని అడిగింది.

మా ఆయన ఫోన్ తీయబోతే అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "ఫోన్ వద్దు. ఫోన్ నీ పక్షం. బెంగుళూరులో ఎవుడో చెప్పింది అది చెప్తాది. మన చేత్తో భాగించి మన కండ్లతో చూడల్ల." అందరి ఫోన్లూ వసూలు చేసి, పులిహోర కలపడానికి కడిగి పెట్టిన పెద్ద ఇత్తడి అండాలో వేసి, మూత పెట్టి, మూత మీద రుబ్బురోలు పొత్రం ఎక్కించాడు. జీపుకు కూడా ఒక నియమం పెట్టాడు. పందెం తేలేదాకా అది కదలకూడదు. కదిలితే నంబరు మారిపోతుంది, సాక్ష్యం పోతుంది.

ఇక దేనితో భాగించాలన్న ప్రశ్న వచ్చింది. రెండు నుంచి లక్షా రెండు దాకా అన్నిటితోనూ భాగించాలని అన్న పట్టుబట్టాడు. అలా అయితే పాపకు చెవులు కుట్టేలోపల మనవరాళ్లు పుడతారని, మూడు వందల పదహారు దాకా చూస్తే చాలని మా ఆయన చెప్పారు.

"అదెట్ల? దానిపైన ఉండేవి ఏం పాపం చేసినాయి?"

"ఒక సంఖ్య తెగిందంటే రెండు ముక్కలవుతుందండి. ఆ రెండూ జంట. మూడు వందల పదిహేడును దానితోనే గుణిస్తే లక్షా నాలుగు వందలు దాటిపోతుంది. కాబట్టి జంటలో ఇద్దరూ పెద్దవాళ్లు కాలేరు. ఒకరు పొడుగైతే రెండోవాళ్లు పొట్టి అయి తీరాలి. పొట్టివాళ్లందరినీ చూసేస్తే వాళ్ల పక్కన పొడుగువాళ్లు వాళ్లంతట వాళ్లే దొరుకుతారు."

ఆరడుగుల మా అన్న తన భుజం దాకా కూడా రాని వదినను ఒకసారి చూసి, సరే, ఇది నిజమేనన్నాడు.

"పొట్టివాళ్లలో కూడా అందరూ అక్కర్లేదు. రెండుకు పోలేదు కాబట్టి నాలుగుకు, ఆరుకు, ఎనిమిదికి ఎలాగూ పోదు."

ఇది మా పెద్దమ్మకు వెంటనే అర్థమయింది. ఆవిడ మా పెద్దనాన్న భార్య, అన్న దగ్గరే ఉంటుంది, ఇంట్లో ఏ కళ్లద్దాలు చేతికి దొరికితే అవి పెట్టుకుంటుంది. "ఇంటి పెద్ద అలిగి రానంటే ఆ ఇంట్లోవాళ్లు మాత్రం విందుకు వస్తారా ఏమి" అంది.

మా ఆయన గోడ మీద బొగ్గుతో అంకెలు రాసి, రెండు కుటుంబాన్ని, మూడు కుటుంబాన్ని, ఐదునూ ఏడునూ వాళ్ల పిల్లలనూ కొట్టేసుకుంటూ పోయారు. చివరికి అరవై పైచిలుకు ఒంటరివాళ్లు మిగిలారు. అన్న ఆ వరుసను వేలితో తడుముతూ వచ్చి ఒకచోట ఆగాడు.

"తొంభై ఒకటి యాడ?"

"అది ఏడు పదమూళ్లండి. ఆ రెండూ ఇంతకుముందే కాదన్నాయి."

"నాకేమో అది తెగే ముఖంగా ఉండాది. నువ్వు దాచి పెట్టినావు."

తొంభై ఒకటితో కూడా భాగించాము. ఎనభై ఐదు మిగిలింది. అన్న అప్పటికి ఊరుకున్నాడు.

వసారాది ఎర్ర సిమెంటు నేల. అందరం చాక్‌పీసులు తీసుకుని వంగి కూర్చున్నాము. నేను పాపను ఒళ్లో పెట్టుకుని నా వాటా చేశాను. నలభై ఒకటికి నాలుగు మిగిలింది. రెండు వందల డెబ్బై ఒకటికి కూడా నాలుగే మిగిలింది. ఒకదానికొకటి సంబంధం లేని ఆ రెండూ సరిగ్గా అదే నాలుగు మిగల్చడం చూసి నాకు ఎందుకో ముచ్చటేసింది. నాలుగు తీసేస్తే మిగిలేది ఐదు తొమ్మిదులని, ఐదు తొమ్మిదులకు ఆ రెండూ తెగుతాయని మా ఆయన చెప్పారు. ఐదు తొమ్మిదులంటే పొద్దున గులాబీ తోటల దగ్గర మేము చూసిందే.

వదిన చేతివేగం చూస్తే మా ఆయన ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇప్పించవచ్చు. ఒకటి తెగలేదనగానే ఇంకోటి అందుకుంటోంది. ఒక్కొక్కటి తెగనప్పుడల్లా ఆమె ముఖం విప్పారడం నేను గమనించాను.

అన్నకు పని సాగలేదు. నూటొకటి శుభప్రదమని ఏరుకున్నాడు, పదమూడు మిగిలింది. ఇరవై మూడు తీసుకున్నాడు, సరిపోవడానికి ఒకటి తక్కువయింది. అక్కడ చాక్‌పీసు పెట్టేసి జీపు దాకా పోయి మీటరును చూసి వచ్చాడు.

"బావా, ఒక కిలోమీటరు వెనకాల బస్టాపులో ఆపింటే ఏమయి ఉండును?"

"లక్షా రెండు. రెండుకు, మూడుకు, ఏడుకు, అన్నిటికీ తెగేది."

"ఆడికి ఒక కిలోమీటరు ముందర?"

"లక్షా ఒకటి. పదకొండుకు తెగేది."

"ఇల్లు దాటి ఒక కిలోమీటరు పోయింటే?"

"లక్షా నాలుగు. సరి సంఖ్య. మీ ఇరవై మూడుకు కూడా తెగేది."

అన్న జీపు వైపు తిరిగి చూశాడు. "చుట్టుపక్కల అన్నీ మంచివే. పోయి పోయి దీని దగ్గర ఆపినాను" అన్నాడు.

కాసేపటికి జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. అందరం లేచి చూస్తే అన్న జీపును వీధిలో వెనక్కి నడుపుకుంటూ పోతున్నాడు. ఆ మీటరు పాతది, వెనక్కి పోతే అంకెలు కూడా వెనక్కి తిరుగుతాయి. మా ఆయన చేతిలో చాక్‌పీసుతోనే పక్కన పరుగెత్తారు.

"బావగారూ, ఇది అన్యాయమండి. జీపు కదలకూడదని మీరే అన్నారు."

"ముందుకు పోయేది తప్పు. నేను వచ్చిన దోవనే వెనక్కి పోతా ఉండాను. ఇది కదిలేది కాదు, సరిచేసేది."

వీధి చివర టమాటా ట్రేలు ఎత్తుకున్న ట్రాక్టరు అడ్డం వచ్చింది. ఆ డ్రైవరు వెనక్కి తీయనన్నాడు, అన్న ముందుకు పోనన్నాడు. మా ఆయన తల లోపలికి పెట్టి చూస్తే మీటరులో చివరి అంకె మూడుకూ రెండుకూ మధ్య, తల ఒకచోట కాళ్లు ఒకచోట పెట్టి నిలబడి ఉంది. అప్పటికి వదిన అక్కడికి చేరింది.

"పందెం కాసినప్పుడు మూడు ఉండింది. మూడే" అంది. అన్న జీపును తిరిగి వాకిట్లోకి తెచ్చి పెట్టాడు. అంకె మళ్లీ మూడు దగ్గర కుదురుకుంది. వదిన తాళం చెవి లాక్కుని కొంగున ముడేసుకుంది.

ఈ గొడవలో ఇంట్లో ఉండిపోయిన పెద్దమ్మ, మేము తిరిగి వచ్చేసరికి నేల మీద ఒక లెక్క చుట్టూ ముగ్గు గీస్తోంది.

"తెగింది. నూట మూడుకు తెగింది. తొమ్మిది వందల డెబ్బై ఒకటి వచ్చింది, ఏమీ మిగల్లేదు."

మా ఆయన ముఖం పాలిపోయింది. వంగి చూశారు. నిజంగానే చివర సున్నా ఉంది. అన్న వంటింట్లోకి పోయి, పాప ఫంక్షన్‌కు చేసిన లడ్డూల పళ్లెం తెచ్చి, మొదటిది మా ఆయన నోట్లో పెట్టాడు. "తిను బావా. రాత్రికి ముద్ద మొదలు. నేనే పక్కన కూర్చోని మింగేది నేర్పిస్తాను" అన్నాడు. వదిన మూలన పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెను అంత దిగులుగా నేను ఎప్పుడూ చూడలేదు.

లడ్డూ నములుతూనే మా ఆయన నూట మూడును తొమ్మిది వందల డెబ్బై ఒకటితో గుణించి చూశారు. మళ్లీ ఒకసారి గుణించారు.

"పెద్దమ్మగారూ, ఇది లక్షా పదమూడండి."

"అవును, లక్షా మూడే."

"లక్షా పదమూడు. మీరు సున్నాకు బదులు ఒకటి రాశారు."

పెద్దమ్మ కళ్లద్దాలు తీసి చూసుకుంది. అవి మా అన్న కళ్లద్దాలు. అన్న కూర్చుని గుణించాడు, వదిన లేచి వచ్చి గుణించింది. లక్షా పదమూడే.

"లక్షా పదమూడంటే ఇంగ పది కిలోమీటర్లు" అంది వదిన, గొంతులో మళ్లీ ప్రాణం వచ్చి. "అత్త నెంబరు రాయకోట దగ్గరికి పోయి కూర్చోని ఉండాది. మన జీపు ఈడనే ఉండాది."

సరిగ్గా చేస్తే నూట మూడుకు తొంభై మూడు మిగిలింది. పంచిన లడ్డూలను ఎవరూ వెనక్కి ఇవ్వలేదు.

అంతలో వంటింట్లోంచి గుయ్యిమని చప్పుడు వచ్చింది. పులిహోర అండాలో కందిరీగలు దూరాయని పెద్దమ్మ చీపురు పట్టుకుని పోయింది. మూత తీయబోతే అన్న వారించాడు. "తీయొద్దు. ఎవురైనా ఫోన్లో లెక్క చూస్తారు." చప్పుడు ఆగింది, మళ్లీ మొదలయింది, మళ్లీ ఆగింది. ఆచారి పదింటికి రావాల్సినవాడని, ఇప్పుడు పదకొండు దాటిందని మాలో ఎవరికీ తట్టలేదు.

ఆయన అదే టమాటా ట్రాక్టరు తిరిగి వస్తుంటే దాని మీద ఎక్కి వచ్చాడు. చొక్కా మీద ఎర్ర దుమ్ము. చేతిసంచీ పట్టుకుని వసారా ఎక్కాడు.

"ఎన్నిసార్లు ఫోన్ చేసేదప్పా? బండి పంచరయి రోడ్డులో నిలబడుకోని ఉండాను. జీపు పంపిస్తారని చూసి చూసి, కడకు టమాటా ట్రేల మీద కూర్చోని వచ్చినాను."

"జీపు పంపించేదానికి కుదరదు ఆచారీ. అది లక్షా మూడులో ఉండాది" అన్నాడు అన్న.

ఆచారి జీపును చూశాడు, నేలంతా ఉన్న భాగహారాలను చూశాడు, గోడ మీది బొగ్గు గీతలు చూశాడు. "చెవులు కుట్టేది ఎవురికి?" అని మాత్రం అడిగాడు. నేను పాపను చూపించాను. ఆయన రెండడుగులు వేసేసరికి వదిన అరిచింది.

"తొక్కొద్దప్పా. రెండు వందల పదకొండు మీద నిలబడుండావు."

అప్పటికే అది చెరిగిపోయింది. వదిన మళ్లీ మొదటినుంచి చేసింది. రెండు వందలు మిగిలాయి. ఇంకో పదకొండు ఉంటే తెగిపోయేదని అన్న నిట్టూర్చాడు.

ఆచారి బంగారు తీగలు, సూది తీసి, దీపం వెలిగించమన్నాడు. గడియారం పావు తక్కువ పన్నెండు చూపిస్తోంది. గోడ మీద ఇంకా చివరి మూడు అంకెలు మిగిలాయి.

"ఒక్క క్షణం ఆగప్పా. ఇంగ మూడే" అన్నాడు అన్న.

"నీ లెక్క కోసం యమగండం ఆగదు. బిడ్డను ఎత్తుకోని కూర్చో."

అన్న పీట మీద కూర్చున్నాడు, నేను పాపను ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన తల మాత్రం వదిన వైపే తిరిగి ఉంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, చాక్‌పీసు అరిగి వేళ్లతోనే రాస్తున్నట్టు రాస్తోంది. మా ఆయన పక్కన నిలబడి ప్రతి అంకెనూ సరిచూస్తున్నారు.

"మూడు వందల ఏడుకు రెండు వందల ఇరవై ఎనిమిది మిగిలింది" అంది వదిన.

ఆచారి కుడి చెవి కుట్టాడు. పాప ఒక క్షణం ఏమయిందో అర్థంకాక చూసి, గట్టిగా ఏడుపు అందుకుంది. చేతికి దొరికింది పట్టుకుంది. దొరికింది మీసం.

"మూడు వందల పదకొండుకు నూట డెబ్బై రెండు."

ఎడమ చెవి కూడా అయింది. పాప రెండు చేతులతో మీసం రెండు కొనలూ పట్టి లాగింది. అన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆచారి పాపను సముదాయిస్తూ "అయిపోయిందమ్మా, అయిపోయింది" అన్నాడు.

వదిన చివరిదాన్ని రెండుసార్లు చేసింది. "మూడు వందల పదమూడుకు నూట యాభై ఆరు మిగిలింది" అని నిదానంగా చెప్పి, చేతులు దులుపుకుని లేచింది. గోడ మీద ఇంకే అంకే మిగల్లేదు.

పాప ఏడుపొకటే వినిపిస్తోంది. అన్న మీసాన్ని ఆ చిన్న గుప్పిళ్లలోంచి వేలు వేలుగా విడిపించుకుని, పాపను నాకిచ్చి, లేచాడు.

"వద్దులెండి బావగారూ" అన్నారు మా ఆయన. "సరదాగా అనుకున్నదే కదా."

"మాటంటే మాట బావా. అది ఎవురికీ తెగలేదు. మగాడు."

"నీళ్లు కాచినాను" అంది వదిన. ఎప్పుడు కాచిందో మాకు తెలియదు.

అన్న పెరట్లోకి పోయి చాలాసేపటికి వచ్చాడు. ఎండకు మాడిన ముఖంలో పై పెదవి ఒక్కటి తెల్లగా, ఇప్పుడే పుట్టినట్టు ఉంది. ముక్కు కొంచెం పెద్దదయినట్టు అనిపించింది. పెద్దమ్మ ఈసారి సొంత కళ్లద్దాలు పెట్టుకుని ఉంది. ఆయనను మర్యాదగా చూసి, "కూర్చోప్పా. ఆచారితో వచ్చినావా? భోంచేసి పోదువు" అంది. పాప ఏడుపు ఆపి నోరు తెరిచి చూసింది. వదిన మాత్రం భోజనం వడ్డిస్తున్నంతసేపూ ఆయన ముఖాన్ని పక్కనుంచి చూస్తూనే ఉంది. చారు తాగేటప్పుడు అన్న ఎడమ చెయ్యి దానంతటదే పైకి లేచి, పట్టుకోవడానికి ఏమీ దొరక్క, గాలిలో కాసేపు ఉండి దిగింది. అది చూసి మా ఆయనకు గుండె కరిగిపోయింది. ఎవరూ అడక్కుండానే ఒక రాగి ముద్ద వేయించుకుని తిన్నారు. నమిలారు.

సాయంత్రం మేము బస్సులోనే హోసూరు వచ్చేశాము. వారం తిరక్కుండా అన్న ఫోన్ చేశాడు. నాతో కాదు, బావతో మాట్లాడాలన్నాడు.

"లక్షా మూడు మాదిరిది మళ్లీ ఎప్పుడు వస్తాది బావా?"

మా ఆయన కాగితం మీద లెక్కవేసి, లక్షా పంతొమ్మిది అని చెప్పారు. రాయకోట కోట కనిపించే మలుపులో అది వచ్చిందట. అన్న జీపు పక్కకు ఆపి, దిగి, దాని పక్కన నిలబడి మాకు ఫోన్ చేశాడు. "వచ్చినాది. ఎంత నిమ్మళంగా కూర్చోని ఉండాదో చూడు" అన్నాడు, మాకు అక్కడినుంచి కనిపిస్తుందన్నట్టు. ఆ తర్వాత లక్షా నలభై మూడు దాకా ఏమీ లేదని తెలిసి దిగులుపడ్డాడు. దాని వెనకే ఆరు కిలోమీటర్లకు లక్షా నలభై తొమ్మిది ఉందంటే తేరుకున్నాడు. వదినను బస్సెక్కించడానికి జీపులో తీసుకుపోయినప్పుడు, ఆమె పుట్టింటికి పోవాల్సిన బస్సు తప్పింది ఆ ఆరు కిలోమీటర్ల దగ్గరే. రెండుచోట్లా దిగి నిలబడ్డాడట.

మీసం పెరగడానికి టైము పట్టింది. ఆ మధ్యలో ఒక ఆదివారం ఆవును చూడటానికి మా వైపు పోచంపల్లిలో జరిగే సంతకు పోయాడు. అక్కడ ఆయనకు పాత పరిచయం ఉన్న పశువుల వ్యాపారి ఒకాయన ఎదురుపడి, కాసేపు తేరిపార చూశాడట.

"నువ్వు ఉద్దనపల్లి మీసాల ఆయప్పకు తమ్ముడా?"

అన్న ఖాళీ పై పెదవిని ఒకసారి తడుముకున్నాడు. అవునన్నాడు.

"ముక్కు చూసి పట్టినాను. మీ అన్న రాలేదా?"

"తోటలో పని ఉండాది."

"మేలు" అని ఆ వ్యాపారి ఆయనను టీ కొట్టుకు తీసుకుపోయాడు. మీ అన్న మంచోడే గానీ ప్రతిదానికీ పందెం అంటాడని, ఎదుటివాడు చెప్పేది వినడని, ఆవును కొనే ముందు దాని వయసు మీద కూడా వాదం వేసుకుంటాడని, నువ్వయితే నిదానస్తుడిలా ఉన్నావని చాలాసేపు చెప్పాడట. అన్న కాదనలేదు. రెండు టీలు తాగి అన్నీ విన్నాడు. ఆవును ఆ రోజు వాదం లేకుండా కొనుక్కుని, ఇంటికి వచ్చి దాన్ని కట్టేసి, వదినతో అన్నాడట.

"మనకు నిజంగా ఒక తమ్ముడు ఉండింటే బాగుండు. వానికి ఊర్లో మంచి పేరు ఉండాది."